ఊపిరితిత్తులు లేని చెట్టుకు గాలి ఎలా అందుతుంది?

జిజ్ఞాసువు:
మొక్కల శ్వాసక్రియ గురించి పాఠ్యపుస్తకాలలో సాధారణంగా ఒకే జాబితా కనబడుతుంది. ఆకులు పత్రరంధ్రాల ద్వారా, కాండాలు లెంటిసెల్స్ అనే బెరడు సందుల ద్వారా, వేర్లు తమ ఉపరితలం ద్వారా వాయు మార్పిడి చేసుకుంటాయని అందులో ఉంటుంది. కంఠస్థం చేయడానికి ఈ జాబితా బాగానే ఉంటుంది గాని, అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. వానపాము చర్మంతోనే సరిపెట్టుకోగలదంటే నమ్మవచ్చు, ఎందుకంటే అది సన్నగా ఉంటుంది, పైగా దానికి ఆక్సిజన్‌ను మోసుకుపోయే రక్తం ఉంది. ముప్పై మీటర్ల ఎత్తు పెరిగి టన్నుల బరువు తూగే చెట్టుకు గాలిని లోపలికి లాగే కండరం లేదు, రక్తం లేదు, గుండె లేదు. అయినా దాని మాను లోపలి కణాలకూ, మట్టిలో లోతుగా ఉన్న వేరు కొనకూ ఆక్సిజన్ ఎలా చేరుతున్నది? రంధ్రాల పేర్లు చెప్పి వదిలేయకుండా, అవి ఎందుకు సరిపోతున్నాయో వివరించగలిగినవారు రాయవలసిందిగా కోరుతున్నాను.

పచ్చనాకు:
పత్రరంధ్రాలనే మొక్క ఊపిరితిత్తులుగా భావిస్తే సమస్య తీరిపోతుంది కదా. ఒక్కొక్క ఆకుమీద అవి లక్షల సంఖ్యలో ఉంటాయి, తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఒక పెద్ద అవయవానికి బదులు అసంఖ్యాకమైన చిన్న అవయవాలు ఉన్నాయని చెబితే విద్యార్థులకు తేలికగా అర్థమవుతుంది.

సూక్ష్మదర్శిని:
పచ్చనాకు గారితో ఏకీభవించలేను. ఊపిరితిత్తులు గాలిని లోపలికి పీల్చి బయటికి నెడతాయి; పత్రరంధ్రం ఏమీ పీల్చదు, ఏమీ నెట్టదు. అది తెరుచుకునే తలుపు మాత్రమే. తలుపు తెరిచాక జరిగేదంతా వ్యాపనం, అంటే వాయు అణువులు ఎక్కువగా ఉన్న చోటినుంచి తక్కువగా ఉన్న చోటికి తమంతట తామే సర్దుకోవడం. దీనికి మొక్క ఎలాంటి శక్తినీ ఖర్చు చేయదు.

జిజ్ఞాసువు గారి ప్రశ్నకు మూలం దూరంలో ఉంది. వ్యాపనానికి పట్టే కాలం దూరంతో సమానంగా కాకుండా దూరపు వర్గంతో పెరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ మిల్లీమీటరులో వందో వంతు దూరాన్ని, అంటే దాదాపు ఒక చిన్న కణం అడ్డుకొలతను, సెకనులో స్వల్ప భాగంలోనే దాటుతుంది. ఒక మిల్లీమీటరు దాటడానికి సుమారు నాలుగు నిమిషాలు, ఒక సెంటీమీటరు దాటడానికి సుమారు ఏడు గంటలు పడుతుంది. ఒక మీటరంటే లెక్క ఏళ్లలోకి పోతుంది. అదే గాలిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు వేగంగా వ్యాపిస్తుంది కనుక సెంటీమీటరు దూరం రెండు మూడు సెకన్ల పని. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మొక్క నిర్మాణంలో సగం సంగతులు వాటంతట అవే బోధపడతాయి. ఆక్సిజన్ తన ప్రయాణంలో అధిక భాగం గాలిలోనే సాగించి, చిట్టచివరి కణపు తడి గోడ దగ్గర మాత్రమే నీటిలోకి దిగాలి. మొక్క శరీరమంతా ఈ నియమం ప్రకారమే కట్టబడి ఉంది.

జిజ్ఞాసువు:
మీరు చెప్పినది ఆకు విషయంలో అంగీకరించగలను, ఎందుకంటే ఆకు మందం మామూలుగా అర మిల్లీమీటరుకు లోపే ఉంటుంది. కాని మాను సంగతి ఏమిటి? అడ్డుకొలత ఒక మీటరున్న మాను నడిబొడ్డుకు బెరడునుంచి అర మీటరు దూరం కదా.

కలపకోత:
అర మీటరు లోపల ఆక్సిజన్ కోసం ఎదురుచూసే కణం ఏదీ లేదన్నదే దానికి సమాధానం. పెద్ద మానును అడ్డంగా కోసి చూడండి. నడుమ ముదురు రంగులో కనబడే చేవలోని కణాలన్నీ చనిపోయినవే. అవి చెట్టును నిలబెడతాయి, అంతకు మించి వాటికి పనిలేదు, శ్వాసక్రియ అసలే లేదు. తొర్ర పడి, నడుమ భాగమంతా కుళ్లి రాలిపోయిన చెట్లు దశాబ్దాల తరబడి చిగురిస్తూ, కాస్తూ ఉండడానికి కారణం ఇదే.

బతికి ఉన్న భాగం బెరడును ఆనుకుని ఉన్న పలుచని పొర. ఆహారాన్ని మోసే పోషక కణజాలం, కొత్త కణాలను పుట్టించే కాంబియం, దాని వెనుక రసదారువులో, అంటే చేవకు వెలుపల నీటిని మోసే కలపలో, అక్కడక్కడా ఉన్న మృదుకణాలు, ఇంతే. రసదారువులో కూడా నీటిని మోసే నాళాలు చనిపోయిన కణాల గొట్టాలే. అంటే ముప్పై మీటర్ల చెట్టును మనం ఒక పెద్ద బతికిన ముద్దగా ఊహించుకోవడమే పొరపాటు. అది చచ్చిన కలప స్తంభంమీద తొడిగిన పలుచని బతికిన తొడుగు. ఆ తొడుగుకు గాలి చాలా దగ్గరలో ఉంటుంది.

బెరడుకు సూబరిన్ అనే మైనపు పదార్థం పట్టి ఉంటుంది కనుక అది నీటినీ గాలినీ అడ్డుకుంటుంది. అందుకే లెంటిసెల్స్ అవసరమయ్యాయి. లేత కొమ్మల బెరడుమీద వేలితో తడిమితే గరుకుగా తగిలే చిన్న చిన్న ఉబ్బెత్తు మచ్చలు అవే. ఆ చోట బెరడు కణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా వదులుగా పేర్చి ఉంటాయి, వాటి సందుల్లోంచి గాలి లోపలికి పోతుంది. పత్రరంధ్రాలలా వీటిని మూసుకునే ఏర్పాటు లేదు. ఇంకొక మార్గం కూడా ఉంది. వేర్లనుంచి పైకి వెళ్లే నీటిలో కొంత ఆక్సిజన్ కరిగి ఉంటుంది, అది రసదారువులోని మృదుకణాలకు అందుతుంది.

పచ్చనాకు:
అయితే బంగాళాదుంప మాటేమిటి? అందులో చేవ లేదు, లోపలంతా బతికిన కణాలే, పైగా గట్టిగా ఉంటుంది.

సూక్ష్మదర్శిని:
మంచి ప్రశ్న. బంగాళాదుంప కూడా కాండమే కనుక దాని తోలుమీద లెంటిసెల్స్ ఉంటాయి. బాగా తడిసిన మట్టిలోంచి తీసిన దుంపమీద అవి తెల్లని పొక్కుల్లా ఉబ్బి కనబడతాయి. దుంప లోపల కణాల మధ్య గాలి సందులు దాని ఘనపరిమాణంలో నూటికి ఒక వంతు మాత్రమే ఉంటాయి, కాని అవి తెగిపోకుండా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. దుంప నిద్రావస్థలో ఉండగా దాని ఆక్సిజన్ అవసరం చాలా తక్కువ కనుక ఆ కొద్దిపాటి దారి సరిపోతుంది. గాలి ఆడనిచోట వెచ్చగా నిల్వ చేసినప్పుడు మాత్రం శ్వాసక్రియ వేగం పెరిగి, ఆక్సిజన్ నడిబొడ్డుదాకా చేరక, అక్కడి కణాలు చనిపోతాయి. పైకి నిగనిగలాడే దుంపను కోస్తే మధ్యలో నల్లని మచ్చ కనబడడానికి ఇది ఒక కారణం. వ్యాపనానికి హద్దు ఎక్కడో అది కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

దీనికి భిన్నంగా ఆపిల్ పండు ఘనపరిమాణంలో దాదాపు నాలుగో వంతు గాలే. నీటిలో వేస్తే ఆపిల్ తేలుతుంది, బంగాళాదుంప మునుగుతుంది. తరగతి గదిలో ఒక గిన్నెడు నీళ్లతో చూపగలిగిన ప్రయోగం ఇది.

ఆకుపరిశీలన:
ఆకు లోపలి సంగతి కూడా కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే పత్రరంధ్రం దగ్గరే ఆగిపోతే సగం కథే చెప్పినట్టు. రంధ్రం లోపల చిన్న గాలి గది ఉంటుంది. దాని చుట్టూ స్పంజి కణాలు వదులుగా, ఒకదానికొకటి అక్కడక్కడా మాత్రమే తగులుతూ ఉంటాయి. ఆకు ఘనపరిమాణంలో పదో వంతునుంచి మూడో వంతుకు పైగా ఈ గాలి ఖాళీలే. ఆ ఖాళీలవైపు తెరిచి ఉన్న కణాల గోడల వైశాల్యమంతా కూడితే అది ఆకు పై వైశాల్యానికి ఎన్నో రెట్లుంటుంది. అసలు వాయు మార్పిడి జరిగేది ఆ తడి గోడలమీదే. పత్రరంధ్రం అక్కడికి దారి మాత్రమే.

రంధ్రాలను స్వయంగా చూడదలచినవారు ఆకు అడుగుభాగంలో రంగులేని నెయిల్ పాలిష్ పలుచగా పూసి, పూర్తిగా ఆరాక దానిమీద పారదర్శకమైన టేపు అంటించి మెల్లగా ఊడదీయాలి. ఆకు ముద్ర టేపుకు అంటుకుని వస్తుంది. దాన్ని గాజు పలకమీద అతికించి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండేసి చిక్కుడు గింజల ఆకారపు రక్షక కణాలు, వాటి నడుమ సన్నని చీలిక స్పష్టంగా కనబడతాయి. గడ్డిజాతి మొక్కలలో ఈ కణాలు డంబెల్ ఆకారంలో, వరుసలుగా ఉంటాయి. వేడినీటిలో ఆకును ముంచినా చాలు. లోపలి గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికి వస్తుంది, చాలా మొక్కలలో అడుగువైపునుంచే ఎక్కువ బుడగలు వస్తాయి.

గణితప్రియ:
నాకు చాలాకాలంగా వింతగా తోచే విషయం ఒకటుంది. చదరపు మిల్లీమీటరుకు వంద నుంచి మూడు వందల రంధ్రాలున్నా, అవన్నీ పూర్తిగా తెరుచుకున్నా, వాటి మొత్తం వైశాల్యం ఆకు వైశాల్యంలో నూటికి ఒకటి నుంచి మూడు వంతులకు మించదు. అయినా ఆకునుంచి ఆవిరయ్యే నీరు, అంతే వైశాల్యమున్న నీటి తలంనుంచి ఆవిరయ్యేదానిలో సగందాకా కూడా ఉండగలదు. వైశాల్యాన్నిబట్టి చూస్తే ఇది అసాధ్యం.

ఈ చిక్కుముడిని 1900లో హొరేస్ బ్రౌన్, ఫెర్గసన్ ఎస్కోంబ్ అనే శాస్త్రవేత్తలు విప్పారు. చిన్న రంధ్రం గుండా జరిగే వ్యాపనం రంధ్రపు వైశాల్యాన్నిబట్టి కాక వ్యాసాన్నిబట్టి ఉంటుందని వారు చూపించారు. రంధ్రం అంచుల దగ్గర అణువులు పక్కలకు కూడా విస్తరించగలగడమే దీనికి కారణం. కనుక ఒక పెద్ద రంధ్రాన్ని అంతే మొత్తం వైశాల్యమున్న వందల చిన్న రంధ్రాలుగా విడగొట్టి, తగినంత ఎడంగా పేరిస్తే, మార్పిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆకు దాదాపు పూర్తిగా కప్పబడి ఉండి కూడా తెరిచి ఉన్నదానిలా పనిచేస్తున్నదంటే రహస్యం ఇదే. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా అందమైన భౌతికశాస్త్రం ఇక్కడే ఉంది.

జిజ్ఞాసువు:
అంత సులువుగా గాలి లోపలికి రాగలిగితే రంధ్రాలను మూసుకోవలసిన అవసరం ఏమొచ్చింది? లెంటిసెల్స్ ఎప్పుడూ తెరిచే ఉంటాయని కలపకోత గారు చెప్పారు కదా.

ఆకుపరిశీలన:
నీటి కోసం. గాలిలో ఆక్సిజన్ నూటికి 21 వంతులుంది, దానికి కరువు లేదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పది లక్షల భాగాలలో 420కి కాస్త పైన మాత్రమే ఉంది. అంత పలుచని వాయువును పట్టుకోవడానికి తలుపులు బార్లా తెరిస్తే లోపలి తడి ఆవిరై పోతుంది. సాధారణ మొక్కలు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును సంపాదించడానికి కొన్ని వందల నీటి అణువులను కోల్పోతాయి. కనుక పత్రరంధ్రాల తెరుచుకోవడం, మూసుకోవడం ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ సంపాదనకూ నీటి పొదుపుకూ మధ్య జరిగే బేరం. ఆక్సిజన్ అందులో వెనుక వరుసలోనే ఉంటుంది.

వెలుతురు తగిలినప్పుడు, ముఖ్యంగా నీలి కాంతి తగిలినప్పుడు, రక్షక కణాలు పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటాయి. దాంతో నీరు వెంట వచ్చి కణాలు ఉబ్బుతాయి. రంధ్రంవైపు గోడ మందంగా ఉండడంవల్ల, గోడలోని సెల్యులోజ్ పోగుల అమరికవల్ల అవి విల్లులా వంగి నడుమ చీలిక తెరుచుకుంటుంది. నేల ఎండితే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ ఉత్పత్తి అవుతుంది, అయాన్లు బయటికి పోతాయి, కణాలు వాలిపోయి రంధ్రం మూసుకుంటుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్క తలుపుల సంఖ్యనే తగ్గించుకుంటుంది. ఇయన్ వుడ్‌వర్డ్ పాత హెర్బేరియం నమూనాలలోని, అంటే ఎండబెట్టి భద్రపరచిన మొక్కలలోని, చెట్ల ఆకులను పరిశీలించి, రెండు వందల ఏళ్లలో పత్రరంధ్రాల సాంద్రత సుమారు 40 శాతం తగ్గిందని 1987లో ప్రకటించారు. శిలాజ ఆకులలో రంధ్రాలను లెక్కించి ప్రాచీన వాతావరణాన్ని అంచనా వేసే పద్ధతికి ఇదే ఆధారం.

పచ్చనాకు:
రాత్రిపూట గదిలో మొక్కలు ఉంచకూడదని, అవి మన ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయని తరచుగా వింటాము. దీనికి విరుద్ధంగా కొన్ని మొక్కలు రాత్రంతా ఆక్సిజన్ ఇస్తాయన్న ప్రచారం కూడా ఉంది. ఏది నిజం?

గణితప్రియ:
రెండూ కావు. మొదటిదాన్ని లెక్క వేసి చూడవచ్చు. చీకటిలో ఆకు విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను చదరపు మీటరుకు సెకనుకు ఒక మైక్రోమోల్ (సుమారు 44 మైక్రోగ్రాములు) అనుకుంటే, ఒక చదరపు మీటరు ఆకులున్న కుండీ మొక్క ఎనిమిది గంటలలో విడిచేది ఒక గ్రాముకు కాస్త పైన. అదే గదిలో నిద్రపోతున్న మనిషి అదే సమయంలో విడిచేది 150 గ్రాములకు పైమాటే. పక్కన పడుకున్న మనిషిని భరించగలిగిన గది మొక్కను భరించలేదా?

రెండోదానికి మూలం ఎడారి మొక్కల పద్ధతిలో ఉంది. నాగజెముడు, అనాస, కలబంద వంటివి పగటి ఎండలో నీరు పోకుండా రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల లోపలి సంచులైన రిక్తికలలో దాచుకుని, పగలు వెలుతురులో ఉపయోగించుకుంటాయి. రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా ఉండి, మధ్యాహ్నానికి రుచి లేకుండా పోతుందని వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ 1813లోనే రాశాడు. ఈ మొక్కలు రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకోవడం నిజం. ఆక్సిజన్ మాత్రం నీటి అణువును విడగొట్టినప్పుడే పుడుతుంది, దానికి వెలుతురు కావాలి. కనుక చీకటిలో ఆక్సిజన్ విడిచే మొక్క ఏదీ లేదు.

వేరుపురుగు:
ఆకుల గురించి ఇంత మాట్లాడుకుని వేర్లను మరిచిపోవడం మనకు అలవాటే. మొక్కలో గాలి కోసం నిజంగా కష్టపడే భాగం వేరే. దానికి వెలుతురు లేదు, సొంతంగా ఆక్సిజన్ తయారు చేసుకోలేదు, పైగా లవణాలను పీల్చుకోవడానికి ఎడతెగకుండా శక్తి ఖర్చు చేయాలి. మట్టి రేణువుల నడుమ ఉన్న గాలే దానికి ఆధారం. ఆ సందులు నీటితో నిండిపోతే, సూక్ష్మదర్శిని గారు చెప్పిన పదివేల రెట్ల తేడా వేరుమీద పడుతుంది. మిగిలిన ఆక్సిజన్‌ను వేర్లూ సూక్ష్మజీవులూ కలిసి తొందరలోనే ఖర్చు చేసేస్తాయి. ఆక్సిజన్‌తో ఒక గ్లూకోజ్ అణువునుంచి సుమారు 30 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) వచ్చే చోట, అది లేకుండా రెండే వస్తాయి.

కుండీలో నీళ్లు నిలిచి ఉన్నా మొక్క వాడిపోవడం చూసి, దాహమేసిందనుకుని ఇంకా నీళ్లు పోసేవారు ఉంటారు. ఊపిరాడని వేరు కణాలలో ఆమ్లత్వం పెరిగి, నీటిని లోపలికి రానిచ్చే పొరలోని ప్రోటీన్ దారులు మూసుకుపోతాయి. చుట్టూ నీరుండగానే మొక్క ఎండుతుంది.

వరి అలా చావకపోవడానికి కారణం దాని వేరులోనే ఉంది. నీట మునిగిన వేరునుంచి ఇథిలీన్ అనే హార్మోన్ వాయువు బయటికి వ్యాపించలేక లోపలే పేరుకుంటుంది. ఆ సంకేతంతో కొన్ని కణాలు తమంతట తాము చనిపోయి, వాటి చోట పొడవైన గాలి గొట్టాలు ఏర్పడతాయి. ఈ వాతయుత కణజాలం గుండా ఆకుల దగ్గరి గాలి వేరు కొనదాకా దిగుతుంది. వరి మొక్కను పీకి వేర్లు కడిగితే కొన్నిటిమీద ఇటుక రంగు పూత కనబడుతుంది. వేరునుంచి కారిన ఆక్సిజన్‌తో మట్టిలోని ఇనుము తుప్పుగా మారిన గుర్తు అది. ఆ గొట్టాలే తిరుగుదారిగా మట్టిలోని మీథేన్‌ను వాతావరణంలోకి చేరవేస్తాయన్నది వేరే చర్చకు తగిన సంగతి.

సూక్ష్మదర్శిని:
వేరుపురుగు గారు చెప్పినదానికి మరో రెండు ఉదాహరణలు చేర్చాలి, ఎందుకంటే అవి నేను మొదట చెప్పిన నియమానికి అంచులు. మడ చెట్లు ఊపిరాడని బురదలోంచి నిటారుగా పైకి పొడుచుకు వచ్చే శ్వాస వేర్లను పెంచుతాయి, వాటినిండా లెంటిసెల్స్ ఉంటాయి. 1955లో షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ లెంటిసెల్స్‌కు గ్రీజు పూసి మూసివేసినప్పుడు బురదలోని వేర్లలో ఆక్సిజన్ పడిపోయింది. సముద్రపు పోటు సమయంలో వేర్లు మునిగి ఉండగా లోపలి ఆక్సిజన్ ఖర్చవుతుంది, విడుదలైన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోతుంది. దాంతో లోపలి పీడనం తగ్గి, ఆటు రాగానే గాలి లోపలికి దూసుకుపోతుంది. పీల్చడం అని దేన్నైనా అనగలిగితే దీన్నే అనాలి, కాని ఇక్కడ కూడా పని చేసేది సముద్రమే.

రెండోది పసుపు కలువ. దాని లేత ఆకులు ఎండకు వెచ్చబడినప్పుడు అతిసూక్ష్మమైన రంధ్రాల గుండా బయటి గాలి లోపలికి చేరి, లోపల పీడనం కొద్దిగా పెరుగుతుంది. ఆ గాలి కాడ గుండా బురదలోని దుంపదాకా దిగి, రంధ్రాలు పెద్దవైన ముదురు ఆకుల గుండా బయటికి పోతుంది. జాన్ డేసీ అనే శాస్త్రవేత్త 1980లో దీన్ని వివరించారు. కాబట్టి మొక్కలలో గాలి ప్రవాహం అసలే ఉండదని తరగతిలో చెప్పకూడదు. అది కొన్ని నీటి మొక్కలలో ఉంది, ఎండ శక్తితో నడుస్తుంది.

జిజ్ఞాసువు:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒక ఆచరణాత్మక సందేహం. పెద్ద చెట్టు చుట్టూ నేల ఎత్తు పెంచడానికి మట్టి పోస్తే, కాండానికి ఏ గాయమూ కాకపోయినా కొన్నేళ్లకు చెట్టు ఎండిపోతుందంటారు. దీనికీ గాలికీ సంబంధం ఉందా?

వేరుపురుగు:
ఉంది. చాలా చెట్లకు లవణాలనూ నీటినీ తెచ్చే సన్నని వేర్లు ఎక్కువగా పై అర మీటరు మట్టిలోనే, కొమ్మల నీడకు ఆవలిదాకా పరుచుకుని ఉంటాయి. గాలి అక్కడే దొరుకుతుంది కనుక అవి అక్కడ ఉంటాయి. వాటిమీద బంకమట్టి మందంగా పోసి యంత్రాలతో తొక్కిస్తే గాలి దారి పొడవవుతుంది, రేణువుల సందులు నలిగిపోతాయి. వేర్లు ఒక్కసారిగా చనిపోవు, ఏటా కొన్ని చొప్పున తగ్గుతూ పోతాయి. పైకొమ్మలు ఎండడం కనబడేసరికి రెండు మూడేళ్లు గడిచిపోయి ఉంటాయి కనుక కారణం ఎవరికీ గుర్తుండదు. మట్టి పోయక తప్పనిచోట కొమ్మల నీడ మేరకైనా పాత నేల మట్టాన్ని అలాగే వదిలి, చుట్టూ అడ్డుగోడ కట్టుకోవడం మేలు. ఇప్పటికే పోసి ఉంటే, ఆలస్యం చేయకుండా చేతి పనిముట్లతో మాను చుట్టూ ఉన్న అదనపు మట్టిని వేర్లు తెగకుండా తీసివేయించండి.